ఎవరిదీ కాని భాష

ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా తేలికైనది. మధ్యాహ్నంలోగా వీధి గ్రంథాలయాన్ని మేడ మీది గది నుంచి కిందికి దించాలి. ఇంటి ఓనరు బ్రోకరు చేత ఖాళీ చేయమని చెప్పించాడు. పుస్తకాలు కార్యదర్శిగారి కారు షెడ్డుకు వెళ్తాయి, తాత్కాలికంగా. ఆ షెడ్డులోకి తాత్కాలికంగా వెళ్లిన వస్తువేదీ మళ్లీ వెలుగు చూడలేదని ఆయన మరదలికి తెలుసు. ఆవిడ పాత కుట్టుమిషన్ ఇంకా అందులోనే ఉంది.

మరదలు దర్జీ. ఇల్లిల్లూ తిరిగి ఆ పుస్తకాలు పోగుచేసింది ఆవిడే. గ్రంథాలయ సంఘంలో అందరికీ పిన్ని.

జీతం లేని ఈ పనికి వచ్చేవాళ్లది తలా ఒక భాష. ప్లంబరుది ఒకటి, నర్సుది ఒకటి, బస్సు డ్రైవరుది మరొకటి. ఇన్నాళ్లూ ఎవరి భాషలో వాళ్లు అరుచుకుంటూ, చేతులు తిప్పుకుంటూ పని కానిచ్చేవారు. కార్యదర్శిగారికి ఇది పద్ధతిగా కనిపించలేదు. ఒకే భాష ఉండాలని ఓటింగ్ పెట్టారు. అందరూ ఎవరి భాషకు వాళ్లు ఓటేసుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆయన ఎవరికీ రాని భాష ఒకటి ఎంపిక చేశారు. ఫోనులో పాఠాలున్నాయి. నేర్చుకోవాలి. సొంత భాషలో మాట్లాడితే సంజాయిషీ ఇవ్వాలి.

"సంజాయిషీ ఏ భాషలో బావగారూ?" అంది పిన్ని.

"కొత్త భాషలోనే."

"అయితే నేను నేర్చుకోను. నా పుస్తకాలు నేను తెలుగులోనే మోసుకుంటాను."

"అందరూ ఒప్పుకున్నారమ్మా."

"మీరు గంటసేపు మాట్లాడితే ఎవరైనా ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోను."

మెట్ల మీద బారుగా నిలబడి పెట్టెలు చేతులు మార్చడం వాళ్ల అలవాటు. బరువైన పెట్టె వస్తుంటే ముందే కేకేయాలి. పాఠాల్లో బరువు అన్న మాట ఇంకా రాలేదు. అందుకని ప్లంబరు తనకొచ్చిన "శుభోదయం" చెప్పి నిఘంటువుల పెట్టె అందించాడు. నర్సు మర్యాదస్తురాలు. తనూ శుభోదయం చెప్పి, కరచాలనానికి చెయ్యి చాపింది. పెట్టె డ్రైవరు పాదం మీద పడింది. ఆగమనడం అతనికి రాదు కనుక "బిల్లు తెండి" అని అరిచాడు. దేన్నో తెమ్మంటున్నాడని పైనుంచి ఇంకో పెట్టె తోశారు. దాని వెనక మరొకటి. మెట్ల మలుపు దగ్గర పెట్టెలన్నీ ఇరుక్కున్నాయి, వాటి వెనక కార్యదర్శిగారు.

పిన్ని కొంగు బిగించింది. "ఆపండి మీ శుభోదయాలు. ఆ పైపెట్టె గోడకు ఆనించు. అమ్మాయ్, నువ్వు పక్కకు జరుగు. డ్రైవరుగారూ, కాలు తీయండి."

డ్రైవరు తన భాషలో ఏదో అన్నాడు. మెచ్చుకోలు మాత్రం కాదు. నర్సు తన భాషలో నవ్వింది. మెట్లు ఖాళీ అయ్యాయి, పెట్టెలు దిగిపోయాయి. పై గదిలో ఒక్కటే మిగిలింది. షెడ్డు గుర్తొచ్చి పిన్ని మేడెక్కి దాని మీద కూర్చుంది.

అప్పుడే ఓనరు బ్రోకరును వెంటబెట్టుకుని, తాళం పట్టుకుని వచ్చాడు. ఎవరితోనూ మాట కలపని మనిషి. పొగరని అందరి నమ్మకం.

"ఈ పెట్టె దిగదు, నేనూ దిగను," అంది పిన్ని. "తాళం వేసుకోదలిస్తే నన్ను లోపల పెట్టి వేసుకోమనండి."

కార్యదర్శిగారు ఓనరు ముందుకొచ్చారు. క్షమాపణ చెప్పాలి. అందరూ చూస్తున్నారు, నియమం ఆయనదే. కొత్త భాషలో క్షమాపణ పాఠం ఇంకా కాలేదు. హోటలు పాఠం మాత్రమే అయింది. అదే అప్పజెప్పారు. "ఈ గది చాలా బాగుంది. మేము ఇంకొన్నాళ్లు ఉంటాము."

ఓనరు తాళం దించి, గబగబా ఏదో అడిగాడు.

"దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి," అన్నారు కార్యదర్శిగారు.

ఓనరు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆయన సొంత భాషండీ అది," అన్నాడు బ్రోకరు. "ఈ ఊరొచ్చాక, నాకొచ్చిన నాలుగు ముక్కలు తప్ప, ఆ భాషలో ఆయన్ని పలకరించినవాళ్లే లేరు. ఉండమంటున్నారు. ఆదివారాలు తనూ వస్తారట."

కార్యదర్శిగారు ఛాతీ విరుచుకున్నారు. "చూశావా, నా ఎంపిక?"

"చూశాను. ఎవరిదీ కాదన్నారు. ఈయనదట," అంది పిన్ని. ఆ ముసలాయన ఇన్నేళ్లూ నోరు కట్టుకుని బతికాడంటే ఆవిడ మనసు చివుక్కుమంది. పెట్టె మీద సగం జరిగింది. "కూర్చోండి అన్నయ్యగారూ. మీకు ఏ భాష వస్తే అందులోనే మాట్లాడండి. ఇక్కడ ఎవరూ సంజాయిషీ అడగరు."

తెలుగు ముక్క రాని ఓనరు వెంటనే కూర్చున్నాడు.

పెట్టెలన్నీ మళ్లీ మెట్లెక్కాయి. కార్యదర్శిగారితో సహా అందరూ సొంత భాషల్లోనే ఆయాసపడ్డారు.