చెప్పులు విడిచిన జాంబీ

స్నేహితుడు సినిమా తీయడం కంటే మహాభాగ్యం మనిషికి ఇంకోటి లేదు! అందులోనూ జాంబీల సినిమా. అందులోనూ కామెడీ. నమ్మరా? అయితే సైనిక్‌పురి జీవరాజు మాస్టారి సంగతి వినండి.

జీవరాజు ఇంగ్లిషు టీచరు. ఇరవై ఏళ్లుగా కాలనీ మొత్తానికి మంచివాడు. ఆ మంచితనమంతా ఒక్క మాట మీద నడిచింది: ‘సూపర్బ్!’ పాస్టరుగారు రెండు గంటలు ప్రసంగిస్తే సూపర్బ్. ఎదురింటి జోగారావు ఇంటికి ఊదారంగు వేయిస్తే సూపర్బ్. ఓసారి పళ్ల డాక్టరు బాగున్న పన్ను పీకేస్తే, నోట్లో దూదితోనే ‘ఊఫర్బ్’ అన్నాడని చెప్పుకుంటారు. నిజం చెప్పి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

ఈ జీవరాజుకి ప్రాణస్నేహితుడు మధుసూదన్. ఏలూరు నుంచి వచ్చి, బ్యాంకులో పనిచేస్తూ, ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డాడు. రెండేళ్ల ఆదివారాలు ధారపోసి, అరువు కెమెరాతో ఓ సినిమా తీశాడు. చచ్చి లేచి మనుషుల్ని కొరికే పీనుగులే జాంబీలు కదా, వాళ్ల ముఖానికి బియ్యప్పిండి, మూతికి బీట్‌రూట్ రసం. ఉన్నది పద్నాలుగు మంది. కెమెరా ముందు నడిచి, వెనకనుంచి పరుగెత్తి, మళ్లీ ముందుకొస్తే రెండొందల మంది! పెద్ద పెద్ద స్టూడియోలకి తట్టిందా ఈ ఉపాయం?

ఓ ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో గోడకి దుప్పటి కట్టి ఆట వేశారు. జీవరాజు భార్య మేబెల్‌తో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మొహానికి నవ్వు తగిలించుకున్నాడు. నాలుక చివర సూపర్బ్ సిద్ధంగా ఉంది.

మొదటి అరగంట నరకం. జాంబీలకి కొరకాలంటే మొహమాటం. ఒక జాంబీ అయితే పాట మధ్యలో వాచీ చూసుకుంది. హీరో వేషం మధుసూదన్‌దే. హీరోయిన్‌కి అతనెంత దూరంగా నిలబడ్డాడంటే, మధ్యలోంచి సిటీ బస్సు పోవచ్చు.

అప్పుడొచ్చింది శేషారత్నమ్మ. మధుసూదన్ తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. సినిమాలో హీరోకి బామ్మ. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, జాంబీ గుమ్మంలో నిలబడి గుర్రుమంది. ఆవిడ తలెత్తి చూసింది.

“చెప్పులతో వంటింట్లోకేంట్రా, అప్రాచ్యుడా!”

జాంబీ వెనక్కి వెళ్లింది. చెప్పులు విడిచింది. కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ గుర్రుమంది.

“ఆ చేతులు ఖాళీయేగా, ఇవి అందుకో” అని ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం దాని ముందుకి తోసింది. జాంబీ బుద్ధిగా చతికిలబడి ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

జీవరాజు మొహాన తగిలించుకున్న నవ్వు ఊడిపోయింది. లోపల్నుంచి అసలుది తన్నుకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. కిందపడి కూడా నవ్వాడు. తన గొంతులో ఇంత నవ్వుందని తనకే తెలీదు పాపం.

ఆట అవగానే పరుగున వెళ్లి మధుసూదన్‌ని పట్టుకున్నాడు. “సూపర్బ్‌రా మధూ!”

మధుసూదన్ మొహం వాడిపోయింది. “మా వాడి మృదంగానికీ ఇదే అన్నావురా.”

“అరే, గిది వేరేరా! నిజంగ సూపర్బ్!”

“నా కోసం కుర్చీలోంచి కూడా పడ్డావు. అంత కష్టపడక్కర్లేదురా. రేపు కెమెరా తిరిగిచ్చేస్తాను. మనకెందుకొచ్చిన సినిమాలు!”

చూశారా! నోట్లు అచ్చేసినట్టు మెప్పు అచ్చేసినవాడికి, తీరా అవసరపడ్డ రోజున ఒక్కటీ చెల్లలేదు. జీవరాజు మూడు రోజులు పరేషాన్. ఎక్సలెంట్ అందామా? అది జోగారావు కొత్త గేటుకి వాడేశాడు. మార్వెలస్? అల్లుడి మీసానికి. నిఘంటువంతా ఎంగిలైపోయింది!

బుధవారం సాయంత్రం జీవరాజు వెళ్లి మధుసూదన్ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

“నీ సినిమా మొదటి అరగంట చెత్తరా” అన్నాడు. “హీరో వేషం నువ్వెందుకు కట్టినవ్? మొద్దు లెక్క నిలబడ్డవ్. గా వాచీ ఏంది? పాట ఏంది? అంత తీసేయ్.”

పుట్టి బుద్ధెరిగాక జీవరాజు అలాంటి మాట అనలేదు. ఏ చెంప వాయిస్తాడోనని కళ్లు మూసుకున్నాడు.

“నిజంగానా?” మధుసూదన్ గొంతులో ఏదో ఆశ.

“నిజంగ.”

“మరి... మా అమ్మ సీను?”

“గా సీన్ల ఒక్క ముక్క కోసినా నీతోని జన్మల మాట్లాడ.”

మధుసూదన్ అమాంతం కావలించుకున్నాడు. “అమ్మా! జీవరాజు నిజంగానే నవ్వాడే!” అని ఇంట్లోకి కేకేశాడు. ఇద్దరూ కూర్చుని మొదటి అరగంటని ఊచకోత కోశారు. ఆ సాయంత్రం అక్కడ చచ్చినంత మంది సినిమాలో చావలేదు.

జీవరాజు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి జరిగిందంతా మేబెల్‌కి చెప్పాడు. ఆవిడ చర్చి క్వాయర్‌లో ఇరవై రెండేళ్లుగా పాడుతోంది. అంతా విని నెమ్మదిగా అడిగింది.

“మరి నా పాట సంగతి కూడా చెప్పండి.”

ఈల ఆగిపోయింది. జీవరాజు కిటికీ వైపు చూశాడు. ఫ్యాను వైపు చూశాడు. చివరికి, “పైకి పోయినప్పుడు... జెర శ్రుతి తప్పుతది” అన్నాడు.

మేబెల్ చిన్నగా నవ్వింది.

“నాకెప్పుడో తెలుసండీ. నేనెప్పుడడిగినా మీరు సూపర్బ్ అంటుంటే, అసలు వినడమే లేదేమో అనుకున్నాను.”