గిన్నెలకు టోపీలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. కుట్టుమిషను ముందు టైలరు, పొయ్యి ముందు ఆయన భార్య, పడక్కుర్చీలో ఆయన తల్లి, అంట్లగిన్నెల ముందు ఆయన కూతురు. అలికిడి లేకుండా తిరుగుతుందని ఆ పిల్లకి నాయనమ్మ పెట్టిన పేరు పిల్లి. ఐదో శాల్తీ ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య భార్య కూడబెట్టి కుక్కిన ప్లాస్టిక్ కవర్ల మూట. అది పిల్లి కంటే లావు.

పందెం ఆ మూట మీదే. మిగిలిన కూరల మీద కవరు చుట్టడం, మర్నాడు పారేయడం దండగనీ, గుడ్డముక్కలతో ఉతికి వాడుకునే మూతలు తానే కుడతాననీ టైలరు ప్రకటించాడు.

"సాయంత్రానికల్లా ప్రతి గిన్నెకీ మూత పెట్టి చూపిస్తా. అప్పుడు నీ మూట గుమ్మం దాటాలి."

"చూపించలేకపోతే?"

"నెల్రోజులు అంట్లు నేనే తోముతా."

పిల్లి చేతిలో పీచు ఆగింది. ఇన్నాళ్లూ ఆ పని తనదే. నాన్న ఓడిపోతే బాగుండుననుకుంది. వెంటనే సిగ్గుపడింది. కోరికను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

టైలరు మెళ్లో టేపు వేసుకుని కొలతలు మొదలుపెట్టాడు. "పాలగిన్నె, నడుము ఇరవై రెండు. చూశావా, ఎంత కుదురుగా నిలబడిందో! నీకంటే నయం."

"నన్ను కొలిచే తీరిక ఎక్కడేడిసింది మీకు? నా జాకెట్టు గుడ్డ మూడు నెలలుగా మీ బల్ల కింద నిద్రపోతోంది."

మొదటి మూత తొడగ్గానే జారి పాలల్లో మునిగింది. ఎవరికి కుట్టినా రెండు వేళ్ల వదులు ఉంచడం ఆయన అలవాటు.

"గిన్నె ఎదుగుతుందనా, నాయనా?" అంది తల్లి.

టైలరు కుట్లు విప్పి, ఎలాస్టిక్ రెండు వరసలు వేసి మళ్లీ కుట్టాడు. అన్నిటికంటే పెద్దదైన కూరగిన్నె దగ్గరికి వచ్చేసరికి ఎలాస్టిక్ అయిపోయింది. కొట్లు చూస్తే మూసేసి ఉన్నాయి. ఆయన కాసేపు గదిలోకి వెళ్లొచ్చాడు. పెద్ద మూత తయారైంది. ఆయన ఎడమచెయ్యి మాత్రం నడుం మీదే ఉండిపోయింది.

"ఏమండీ, నడుం పట్టేసిందా?"

"ఆఁ, పొద్దుట్నుంచీ వంగే ఉన్నాగా."

ఆమె పెద్ద మూత తిప్పి చూసింది. అంచు సందులోంచి నీలం ఎలాస్టిక్ తొంగిచూసింది. మొన్న ఆయన పైజామాకి తను స్వయంగా ఎక్కించింది అదే. పిల్లి కూడా చూసింది. తల్లీకూతుళ్ల చూపులు కలిశాయి.

"గెలిచారండీ," అంది ఆమె. మెట్ల వైపు తిరిగి గొంతెత్తింది. "వదినగారూ! మొక్కలకి కవర్లు కావాలన్నారుగా! మీ అన్నయ్యగారు ఇస్తున్నారు, రండి!"

మేడమీదావిడ గుమ్మంలోకి రానే వచ్చింది.

"పిల్లి ఇస్తుందిలే," అన్నాడు టైలరు.

"అంత మూట దానివల్ల అవుతుందా? రెండు చేతులా పట్టుకోవాలి," అంది భార్య.

"కానీరా, పాపం ఆవిడ నిలబడే ఉంది," అంది తల్లి.

ఆయన కుడిచేత్తో గుంజాడు. మూట కదల్లేదు. కాలెత్తి గుమ్మం వైపు తన్నాడు. మూట కదల్లేదు, పైజామా కదిలింది.

టైలరు దాన్ని ఒక చేత్తో ఒడిసిపట్టి, రెండో చేత్తో కూరగిన్నె మీది మూత లాక్కుని గదిలోకి పరుగెత్తాడు.

"అయ్యో, ప్రతి గిన్నెకీ అన్నారే! కూరగిన్నె బోడిగా ఉందండీ!" అంది భార్య.

పిల్లి చడీచప్పుడు లేకుండా గది దాకా వెళ్లింది. ఆ రోజు మొదటిసారి నోరు విప్పింది.

"నాన్నా, ఈ పీచు ఎక్కడ పెట్టను?"

తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి పీచు అందుకుంది. తర్వాత తలుపు పిల్లి మొహం మీదే ధడాలున మూసుకుంది.