అటకకి కప్పిన దుప్పటి

శనివారం పొద్దున్న నరసింహ వేసుకున్న పథకం చిన్నదే. పదిన్నరకల్లా అటక మీద చలి ఆపే గాజుదూది పరిచెయ్యాలి. అన్నం తిని ఆసుపత్రికి వెళ్లి పాపని చూడాలి.

ఆ జనవరిలో అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్‌లో చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయింది. ఏడో నెలలోనే పుట్టిన పాప నలభై రోజులుగా గాజుపెట్టెలో ఉంది. భార్య శశికళ రోజూ పాలు సీసాలో పట్టుకెళ్లి నర్సుకిచ్చి, అద్దంలోంచి చూసి వస్తోంది. శుక్రవారం జిల్లా నర్సు ఇల్లు చూడ్డానికి వస్తుంది. పాప పడుకునే గది డెబ్బై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలుండి, తడీ బూజూ లేకుండా ఉంటే సోమవారం పంపిస్తారు. లేకపోతే ఇంకో నెల ఆ అద్దమే.

సాయానికి రాధాకృష్ణగారు వచ్చారు. నరసింహ ఆఫీసులోనే పెద్ద ఇంజనీరు. అమెరికాలో పదమూడేళ్ల అనుభవం ఉంది. అందులో పన్నెండున్నరేళ్లు అరిజోనా ఎండలో గడిచాయి.

"ఇన్సులేషనంటే ఏముందమ్మాయ్, ఇంటికి దుప్పటి కప్పడమే!" అంటూ ఆయన నిచ్చెనెక్కారు.

గాజుదూది చుట్టకి ఒకవైపు మందపాటి కాగితం అంటించి ఉంది. దాని నిండా అక్షరాలు. నరసింహ కాగితం వైపు కిందికి పెట్టి పరవబోతే రాధాకృష్ణగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఏంటయ్యా అది? అక్షరాలని బోర్లా పడేసి పైన దూది మోపుతావా? సరస్వతి కాదూ! పైకి తిప్పు." ఆయన కాగితాన్ని కళ్లకద్దుకుని మరీ పరిచారు.

తర్వాత చూరు పొడుగునా గాలొచ్చే సందులు కనిపించాయి. "ఇదిగో దొంగ! ఇల్లు కట్టినవాడికి బుద్ధుందా, అన్నీ కన్నాలే!" అని పాత దుప్పట్లూ దిండ్లూ వాటిలో కుక్కించారు.

కింద నిచ్చెన పట్టుకున్న శశికళ మెల్లగా అంది. "ఏమండీ, కన్నాలు అంత వరసగా ఉన్నాయంటే కావాలనే పెట్టారేమో. ఆ కాగితం మీద ఏం రాశారో ఒకసారి చదవకూడదూ?"

"నువ్వు నిచ్చెన గట్టిగా పట్టుకో శశీ," అన్నాడు నరసింహ.

ఆమె గట్టిగా పట్టుకుంది.

మర్నాటికి పాప గది డెబ్బై నాలుగైంది. "చూశావా!" అన్నారు రాధాకృష్ణగారు ఫోన్లో. "హీటర్ గాలికి పసిపిల్లల ముక్కులు ఎండిపోతాయి. ఆ గదిలో పొద్దస్తమానం నీళ్లు మరిగించండి." కరెంటు పొయ్యి మీద గిన్నెలో నీళ్లు అయిదు రోజులు మరిగాయి. ఆవిరి పైకెళ్లింది. పైన బయటికి పోయే దారి లేక అటక చెక్కలకి అంటుకుని, గడ్డకట్టి కూర్చుంది. ఆ సంగతి కిందవాళ్లకి తెలీదు.

శుక్రవారం పొద్దున్న ఉన్నట్టుండి ఎండ కాసింది. ఉయ్యాలలో పరుపు సర్దుతున్న శశికళ మెడమీద చుక్క పడింది. తలెత్తేలోపు ఇంకోటి. అరగంటకి సీలింగు చెమటపట్టినట్టయి, ఉయ్యాల మీదే వాన మొదలైంది.

రాధాకృష్ణగారు కారులో పరిగెత్తుకొచ్చి, బయటే నిలబడి కప్పుకేసి చూశారు. "మొన్నటిదాకా మీ కప్పు మీద మంచు నిలిచేదే కాదు. ఇప్పుడు చూడు, రెండడుగులుంది! కప్పుకేదో జబ్బు చేసింది. ఆ మంచే కారుతోంది. నువ్వు పైకెక్కి తోసెయ్. నేను అటకలో చిల్లి వెతుకుతా."

కింద వేడి నిలిచినందుకే పైన మంచు నిలిచిందని వాళ్లకి చెప్పేవాళ్లెవరూ లేరు. నరసింహ పారతో తోశాడు. మంచంతా ఒక్కసారిగా జారి వీధి గుమ్మాన్ని మూసేసింది. సరిగ్గా అప్పుడే జిల్లా నర్సు కారు దిగింది.

ఆవిడ ఇంటిచుట్టూ తిరిగి, మోకాళ్లదాకా మంచులో నడిచి, వెనక తలుపులోంచి వచ్చింది. బూట్లు విప్పి పాప గదిలోకి నడిచింది. శశికళ నోరు తెరవబోయింది. నెత్తిన ఫెళ్లుమంది. సీలింగు చీలి, తడిసిన దూదీ కాగితమూ ఉయ్యాలలో పడ్డాయి. వాటివెనకే ఒక కాలు తొడదాకా దిగి, గాలిలో ఆడింది.

"ఎవరాయన?" అంది నర్సు.

"మా బాబాయిగారు," అంది శశికళ. చుట్టరికం లేకపోయినా ఆయన్ని వివరించడానికి అంతకంటే చిన్న మాట ఆమెకి తోచలేదు.

"దూలం మీంచి కాలు తప్పిందమ్మాయ్!" అని పైనుంచి వినపడింది.

నర్సు కాగితం ముక్క తీసి చదివింది. "ఈ వైపు కిందికి, వెచ్చటి గది వైపు ఉండాలి. చూరు సందులు ముయ్యరాదు." కాగితం పక్కన పెట్టి, సంచిలోంచి ఫారం తీసింది. "సారీ. పాపని ఇక్కడికి పంపలేను."

కప్పు దిగివచ్చిన నరసింహ గది గుమ్మంలోనే ఆగిపోయాడు. శశికళ ఏడవలేదు. నర్సు చేతిలోని థర్మామీటరు అడిగి తీసుకుని ముందు నడిచింది. "ఇలా రండి."

ఆమె ఆగింది వంటింట్లో. ఇంటికి వెనక తర్వాత తగిలించిన గది అది. పైన అటకే లేదు. ఇల్లంతా వేడిగాలి పంపే ఫర్నేసు గొట్టం ముందుగా దాని కిందనుంచే పోతుంది. నర్సు గోడలు తడిమింది, కిటికీ చూసింది, అయిదు నిమిషాలు కాచుకుంది. డెబ్బై ఆరు. ఎక్కడా చుక్క తడి లేదు.

"ఇక్కడ పడుకోబెడతావా?"

"పడుకోబెడతా. నేనూ ఇక్కడే పడుకుంటా."

నర్సు ఫారంలో రాసుకుంటూ, ఇంకా దిగని కాలివైపు ఒకసారి చూసి, ఒక షరతు కూడా చేర్చింది. నిపుణుడైన పనివాడు తప్ప మరెవరూ అటక ఎక్కరాదు.

సోమవారం పాప ఇంటికొచ్చింది. మార్చి దాకా వంటింట్లోనే పెరిగింది. ఆ ఇంట్లో మగవాళ్లు బాగుచెయ్యని గది అదొక్కటే.