తన్విక క్లోమం కేసులో ఏడో గడి

మంగళవారం ఉదయం తణుకులో ఆరేళ్ల తన్విక క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలన్నీ హత్యకు గురై కనిపించాయి. పిల్లల డాక్టరు నిబంధనల ప్రకారం ముందు పాపకు సెలైనూ ఇన్సులినూ మొదలుపెట్టి, ఆ తర్వాతే పోలీసులకు ఫోన్ చేశాడు.

అవయవ నేరాల విభాగం ఎస్సై వరాహమూర్తి పదకొండింటికల్లా ఆసుపత్రికి వచ్చాడు. ఈ ఏడాది ఆయనకిది తొమ్మిదో క్లోమం. పాప పొట్ట మీద చాక్‌పీసుతో నేరస్థలం హద్దులు గీశాడు. తన్వికకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. పంచనామాలో ఆ నవ్వు కూడా ఎక్కింది.

హంతకులు దొరకడానికి రెండు రోజులే పట్టింది. రక్తపరీక్షలో వాళ్ల ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. శరీరానికి కాపలా కాసే రక్షక కణాలే సొంతవాళ్లను శత్రువులనుకుని చంపేశాయి. ఎందుకలా అనుకున్నాయో డాక్టరుకు తెలియదు, ఎవరికీ తెలియదు. అయితే హత్య జరిగిన సమయంలో అవి విధి నిర్వహణలో ఉన్నాయి కాబట్టి అరెస్టు చేయడానికి చట్టం ఒప్పుకోదు.

కేసు అక్కడితో ముగిసేదే. కానీ ఫారంలో ఏడో గడి మిగిలింది. ‘బాధ్యుల పేరు’ అన్న ఆ గడి నిండకపోతే కేసు మూయరు. కేసు మూసినట్టు కాగితం లేకపోతే బడిలో పాపను మళ్లీ అడుగుపెట్టనివ్వరు. ‘ఎవరూ కాదు’ అని రాయకూడదా అని డాక్టరు అడిగాడు. ఆ పేరుకు ఆధార్ నంబరు కావాలన్నాడు ఎస్సై.

శనివారం మధ్యాహ్నం ఎస్సై ఫారం పట్టుకుని పాప ఇంటికొచ్చాడు. అప్పటికి చనిపోయిన కణాల ఉద్యోగం తన్విక తల్లి హైమకు బదిలీ అయి మూడు రోజులైంది. ఆమె పాప వేలు గుచ్చి రక్తపు చుక్క మీటరుకు అందించాలి. ఎన్ని ఇడ్లీలు తింటుందో ముందే అడిగి, దానికి తగ్గట్టు సూది వెయ్యాలి. రెండని చెప్పి సూది వేయించుకున్నాక పాప ఒకటిన్నర దగ్గర ఆగిపోతే, మిగిలిన సగం కోసం ఇల్లంతా చుట్టూ నిలబడి బతిమాలాలి. తండ్రి భానుప్రకాష్ మీటరులో అంకె చదివి నోటుబుక్కులో రాస్తాడు. హైమ సూది చేతిలోకి తీసుకోగానే వీధిలోకి వెళ్లి బండి తుడుచుకుంటాడు. మూడు రోజుల్లో ఆ బండి షోరూములో కన్నా బాగా మెరుస్తోంది.

ముందుగా నాయనమ్మ మంగతాయారు వాంగ్మూలం ఇచ్చింది.

“రాసుకోండి బాబూ. కడుపుతో ఉన్నప్పుడు ఈవిడ పూటకో మామిడిపండు లాగించేదండి. వద్దే తల్లీ అని మొత్తుకుంటూనే ఉన్నాను.”

“అత్తయ్యా, అవి బుట్టలతో తెచ్చింది మీరే.”

“తెస్తే మాత్రం తినెయ్యడమేనా?”

“ఏ రకం?” అన్నాడు ఎస్సై.

“బంగినపల్లండి.”

ఎస్సై రాసుకున్నాడు.

“తీపికీ దీనికీ సంబంధం లేదన్నారండి డాక్టరుగారు” అంది హైమ.

“సంబంధం అక్కర్లేదమ్మా. సంతకం చాలు.”

ఎదురింటాయన వచ్చి ఇది దిష్టేనని తేల్చాడు. ఎవరి దిష్టో పేరు చెప్పమనేసరికి స్టవ్ మీద పాలున్నాయని వెళ్లిపోయాడు. మిగతా సాక్షులంతా కూడబలుక్కున్నట్టు హైమ వైపే చూపించారు. ఆమె పాపకు పెట్టిన కేకులన్నారు ఒకరు, పెట్టని ఆకుకూరలన్నారు ఇంకొకరు. హైమ గడియారం చూసింది.

“ఇలా తెండి, నేనే పెడతాను సంతకం. ఒంటిగంటకి పాపకి సూది వెయ్యాలి.”

అప్పుడు తన్విక మంచం దిగి వచ్చింది.

“పోలీసంకుల్, అమ్మ కాదు. నేనే చంపేశాను.”

“దేంతో?”

“చాక్లెట్లతో. రిషిక బర్త్‌డేలో మూడు తిన్నాను. అమ్మకి ఒకటే అని చెప్పాను.” మళ్లీ తనే అడిగింది. “ఇంకెప్పుడూ తినను. వాటిని మళ్లీ బతికించేస్తారా?”

“బతికించే విభాగం వేరే ఉందమ్మా” అన్నాడు ఎస్సై. అది ఎక్కడుందో ఆయనకు తెలియదు.

ఆయన ముఖం తేటపడింది. వెనకటి ఎనిమిది కేసుల్లో ఐదు ఇలాగే మూతపడ్డాయి. పిల్లలు తొందరగా ఒప్పుకుంటారు, మాట మార్చరు. సంతకం రాని వయసు కాబట్టి ఇంకు ప్యాడు తెరిచాడు. పాప చేతిని తిప్పి చూసి, సూది గుచ్చని వేలు కోసం వెతకసాగాడు.

గుమ్మంలో భానుప్రకాష్ నిలబడి ఉన్నాడు. చేతిలో బండి తుడిచే గుడ్డ ఉంది.

“ఆగండి సార్. దాని చెయ్యి వదలండి. నేను చెబుతాను, రాసుకోండి. నెల రోజుల నుంచి పాప నీళ్లు నీళ్లు అని ఒకటే గోలండి. పక్క తడిపేది. ఆరేళ్లొచ్చాక ఇదేం అలవాటని అరిచాను. పొద్దుగూకాక నీళ్లివ్వద్దని ఇంట్లో అందరికీ చెప్పి, బాటిల్ తీసి బీరువా మీద పెట్టింది నేనేనండి. కుర్చీ వేసుకుని ఎక్కింది. కుర్చీ తీసేశాను. ఒకరోజు బాత్‌రూములో బకెట్టు ముందు కూర్చుని మగ్గుతో తాగేస్తోందండి. చూసి కొట్టాను. పిల్ల చిక్కిపోతోందని హైమ అంటే, పొడుగవుతోందిలే అన్నాను. కణాలు చచ్చింది నా వల్ల కాదని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. తెలుసండి. చంపిందెవరో మీకూ తెలుసు. అయినా ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం మా అమ్మ హైమని అంటూనే ఉంటుంది, ఇది తిన్న చాక్లెట్లు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ఎవరో ఒకరి పేరు కావాలి కదండీ, నాది రాసెయ్యండి. హైమా, ఒంటిగంటయింది, ఆ సూది ఇలా ఇవ్వు, ఇవాళ నుంచి నేను వేస్తాను. ముందు ఆ ఇంకు ఇటు తెండి సార్. ఎడం చెయ్యి కాదండి, ఇదిగో ఇది. నీళ్లడిగిన పిల్లని కొట్టింది ఈ చెయ్యే.”