అంగుళంన్నర

ఆదివారం ఉదయం ఆరింటికి బయల్దేరి, పదింటికల్లా జలపాతం చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలని గీతల మాస్టారు ముందురోజే కాగితం మీద రాసిపెట్టుకున్నారు. మ్యాపుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లుగా పటాలు గీస్తున్నారు కాబట్టి ఆయనకా పేరు వచ్చింది. నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన గీసిన అడవి పటాన్ని ఫ్రేము కట్టించి సన్మానంలో చేతికివ్వాలని ఆఫీసువాళ్లు నిర్ణయించారు.

ఈ సంగతి చెప్పి మురిసిపోతున్న సమయంలోనే బావమరిది ఫోను తీసి, జలపాతం ఆ పటంలో ఉన్నచోట లేదనీ, కొండకు అవతలెక్కడో ఉందనీ చల్లగా చెప్పాడు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా మ్యాపులో తప్పా? తప్పని తేలితే రిటైరయ్యేలోగా నా చేత్తోనే దిద్దుతాను. తేలకపోతే ఆ ఫోను మళ్లీ నా కంటబడకూడదు."

"అలాగే బావగారూ. ఇంతకీ మీరెప్పుడైనా అక్కడికి వెళ్లారా?"

వెళ్లలేదు. సర్వేవాళ్లు వెళ్లి కొలుచుకొస్తారు, మాస్టారు కూర్చుని గీస్తారు. కొండలెక్కి తిరిగేవాడి చేతికి గీత నిలకడగా రాదని ఆయన గట్టి నమ్మకం. ఆ ప్రశ్న అడగడమే పెద్ద అవమానంగా తోచి, ఆ రాత్రి పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయారు.

తేల్చుకుందామని భార్యతో, బావమరిదితో బయల్దేరితే, అడవి మొదట్లోనే బావమరిది ఫోనుకు సిగ్నల్ పోయింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. పటం విప్పి, ఎడమకు తిరగమన్నారు. ఆ దారి కాస్త దూరం మర్యాదగానే నడిచి, తర్వాత ముళ్లపొదల్లోకి దూరింది. పొదలు దాటితే ఇల్లంతేసి బండరాళ్లు. వాటిని చేతులతో పాకి దాటితే ఎదురుగా ఒక వాగు. పటంలో ఆ వాగు లేదు.

"దీనికిక్కడేం పని?" అని మాస్టారు వాగు మీదే విరుచుకుపడ్డారు. సర్వేవాళ్లు కొలిచి వెళ్లాక దొంగచాటుగా పుట్టి ఉంటుందని తేల్చి, కోపంగా అందులో దిగారు. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఎడమ బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. భార్య ఆయన జేబులోని కొలతల టేపు లాగి బూటుకు నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. అంత గౌరవంగా బతికిన టేపుకు ఈ గతి పట్టించిన అడవిని మాస్టారు చాలాసేపు క్షమించలేకపోయారు.

అక్కడే దారి తప్పి తిరుగుతున్న ఇద్దరు స్కూలు టీచర్లు కనిపించారు. మాస్టారి చేతిలో పటం చూసి ఆశగా దగ్గరికొచ్చారు. ఈ పటం గీసింది తానేనని ఆయన గొంతు సవరించుకుని చెప్పారు. ఇక వాళ్లకు దేవుడే దిగొచ్చినట్టయింది. కాసేపటికి ఒక ఫొటోగ్రాఫరు, ఆ తర్వాత కొత్తగా పెళ్లయిన జంట. టేపు చుట్టిన బూటుతో మాస్టారు ముందు నడుస్తుంటే వెనక ఏడుగురు వరసకట్టారు. జలపాతం చప్పుడు వినిపించడం లేదేమని కొత్త పెళ్లికొడుకు అడిగితే, చెట్లు అడ్డొస్తున్నాయని కసిరారు.

చివరి మలుపు తిరిగారు. పటంలో జలపాతం ఉన్నచోట రేకుల కప్పుతో ఒక టీ కొట్టు ఉంది. కొట్టు నడిపే పెద్దావిడ వీళ్లను చూసి, తలలు లెక్కపెట్టి ఎనిమిది గ్లాసులు కడిగింది.

"కూర్చోండి. మ్యాపు చూసి వచ్చారా? జలపాతం ఇక్కడ కాదండీ, ఆ కొండకవతల."

"మీకెలా తెలుసు?" అన్నారు మాస్టారు, గుడ్లురుముతూ.

"పదేళ్ల కిందట నేనూ మా ఆయనా ఇదే మ్యాపు పట్టుకుని వచ్చాం బాబూ. తిరిగి నడిచే ఓపిక లేక కూలబడ్డాం. అంతలో ఇంకో నలుగురొచ్చి తాగడానికేమైనా ఉందా అన్నారు. అలా ఉండిపోయాం."

అందరి చూపులూ మాస్టారి మీద పడ్డాయి. ఆవిడ సంగతేమిటో ఇప్పుడే తేలుస్తానని ఆయన పటాన్ని బల్ల మీద పరిచారు. జలపాతం పేరు మీద వేలు పెట్టారు. ఎంత ముచ్చటైన అక్షరాలు, ముత్యాల్లా. ఆ అక్షరాలు చూస్తుండగానే ఆయన ముఖం పాలిపోయింది.

"అసలు చోట పేరు పట్టలేదు," అన్నారు నెమ్మదిగా. "పక్కనే సరిహద్దు గీత అడ్డొచ్చింది. ఇరికించి రాస్తే చూడ్డానికి బావుండదని అంగుళంన్నర ఇటు జరిపాను."

"అంగుళంన్నరే కదండీ," అంది పెద్ద టీచరు జాలిగా.

"అంగుళానికి రెండు మైళ్లు."



"అయితే దిద్దేస్తారా?" అంది పెద్దావిడ. పోయబోతున్న టీ గిన్నెను మళ్లీ పొయ్యి మీద పెట్టేసింది. "దిద్దితే ఇటెవరొస్తారు బాబూ?"

"పోనీలెండి బావగారూ," అన్నాడు బావమరిది. "ఆ పందెం సంగతి మర్చిపోదాం. నేనేమీ అనుకోను."

వాగు, ముళ్లు, బూటు, అన్నింటికంటే ఆ దయ మాస్టారిని ఎక్కువ మండించింది. ఇచ్చిన మాట ఇచ్చిందేనని గర్జించి, టీ తాగి, ఒంటికాలి మీద కుంటుతూ వెనక్కి బయల్దేరారు. ఆ రోజు జలపాతాన్ని ఎవరూ చూడలేదు.

సన్మానంలో ఫ్రేము చేతికిచ్చారు. బావమరిది కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. జలపాతం కొండకవతలికి చేరింది. దాని పేరు ఇరుక్కుపోయి, చివరి రెండక్షరాలు సరిహద్దు మీదికెక్కి కూర్చున్నాయి. పాత చోట కొత్తగా ఒక చిన్న చుక్క, పక్కన 'టీ కొట్టు' అని ఉంది.

చుట్టూ బోలెడంత ఖాళీ ఉండటంతో, ఆ అక్షరాలు మాత్రం చక్కగా పట్టాయి.