మచ్చ లేని వజ్రం మాకొద్దు

కొత్తగా పెళ్లైన ప్రతి ఇంట్లోనూ, నడిమధ్య నల్ల మచ్చ ఉన్న ఓవల్ వజ్రం ఒకటి ఉండి తీరాలి! పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో పాటే ప్రభుత్వం వారు దీన్ని కూడా పంచిపెడితే దేశంలో సంసారాలు ఎంతో బాగుపడతాయి.

నవ్వకండి. నాకు పెళ్లై మూడు నెలలు కూడా కాలేదు. కాబట్టి సంసారం గురించి నాకు తెలియనిదంటూ ఏమీ లేదు.

ముందు వజ్రం సంగతి చెబుతాను. ఓవల్ అంటే కోడిగుడ్డును నిలువునా కోసి బోర్లించినట్టుండే ఆకారం. నిశ్చితార్థం రోజున మావారు కోటేష్ గారు నా వేలికి పెట్టిన ఉంగరంలో ఉన్నది అదే. పెట్టేటప్పుడు ఆయన చేతిలోంచి ఉంగరం జారి తాంబూలం పళ్లెంలో వక్కల మధ్య పడింది. ఇద్దరం కలిసి వెతికాం. వక్కల్లో వేళ్లు తగిలాయి. ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకోసారి పడేయండి, సరిగ్గా రాలేదు" అన్నాడు. మావారు నిజంగానే ఇంకోసారి పడేశారు!

అదిగో, అప్పట్నుంచీ ఆ ఉంగరమంటే నాకు ప్రాణం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మామయ్య అంకమ్మరావు గారిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మావారు పత్తి జిన్నింగ్ మిల్లులో క్వాలిటీ చూస్తారు. ఒకరు రోజంతా కాయ రంగు చూస్తారు, ఒకరు రోజంతా పింజ పొడుగు చూస్తారు. అందుకే మా ఇంట్లో గ్రేడు పడనిదేదీ గడప దాటి లోపలికి రాదు. అత్తయ్య రాజ్యం గారు ఇడ్లీలు దించితే, మామయ్యగారు ఒకటి చిదిమి చూసి "ఫస్టు రకం" అంటారు. ఆవిడ మూడ్ బాగాలేని రోజు చేసిన ఇడ్లీని మాత్రం చిదమకుండానే ఫస్టు రకం అంటారు.

ఇలాంటి ఇంట్లో యూట్యూబ్ ఉండటం ఎంత అదృష్టమో మీరే ఆలోచించండి!

ఒక సాయంత్రం మావారు ఒక వీడియో చూశారు. గుండ్రటి వజ్రానికైతే కట్, అంటే సాన పట్టిన తీరు, ఎంత బాగుందో సర్టిఫికెట్‌లోనే రాసిస్తారట. ఓవల్‌కి చాలా ల్యాబులు ఆ ముక్క రాయవట. కళ్లతో చూసుకోవలసిందేనట. పైగా సరిగ్గా కట్ చేయని ఓవల్‌లో అడ్డంగా, సూటు వేసుకున్న పెద్దమనిషి మెడ కింద బో టై ఉన్నట్టు, నల్లటి నీడ ఉంటుందట.

మావారు ఫోన్ పక్కన పెట్టి నా చెయ్యి లాక్కున్నారు. ముక్కు ఉంగరానికి తగిలేంత దగ్గరగా వంగి చూశారు.

"జ్యోతీ! ఉంది!"

"ఏముందండీ?"

"టై."

విజయవాడలో కొన్నప్పుడు షాపులో ఎందుకు కనపడలేదంటారా? ఆ షాపులో దీపాలు అలాంటివి. వాటి కింద పటికబెల్లం ముక్క పెట్టినా వేలికి తొడుక్కోవాలనిపిస్తుంది.

"ఒక ఆదివారం చూసుకుని విజయవాడ వెళ్లి ఈ ఉంగరం మార్చేద్దాం" అన్నారాయన.

నా ఉంగరాన్ని! వక్కల్లో పడిన ఉంగరాన్ని! రెండుసార్లు పడిన ఉంగరాన్ని!

నేను కంగారు పడ్డానని అనుకుంటున్నారా? ఛ. నేను చదువుకున్నదాన్ని. ఏ విషయాన్నైనా మంచి వైపు నుంచి చూడాలని డిగ్రీలో మాకు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సార్ చెప్పారు. అలా చూడటం మొదలుపెట్టాక తెలిసింది, ఈ మచ్చ వల్ల మనిషికి ఒనగూరే మేళ్లు అన్నీ ఇన్నీ కావని.

మొదటిది. కొత్త కోడలు కనపడితే మా వైపు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" పెళ్లైన వారం నుంచే మొదలవుతుంది. పాలవాడు తప్ప అందరూ అడుగుతారు. పాలవాడు "లీటరు పెంచమంటారా?" అని అడుగుతాడు, అదీ అదే ప్రశ్న. మచ్చ బయటపడ్డాక ఒక్కరు అడిగితే ఒట్టు! తలుపు తియ్యగానే "ఏదమ్మా, మచ్చ ఏదీ?" అంటారు. పర్చూరు నుంచి మావారి మేనత్త కొండమ్మ గారు బస్సులో పనిగట్టుకుని వచ్చి, టార్చి వేసి చూసి, "ఎన్నాళ్ల నుంచీ ఉందమ్మా ఇది?" అని నాడి పట్టుకున్నట్టు అడిగారు. "భయం లేదులే, మన గుంటూరులో అన్నిటికీ డాక్టర్లున్నారు" అని ధైర్యం కూడా చెప్పి వెళ్లారు.

ఇంకొకటి వంట. దోసకాయ పప్పులో ఒకరోజు ఉప్పు రెండుసార్లు వేశాను. గుండె చేత్తో పట్టుకుని వడ్డించాను. మావారు ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, "లోతు ఎక్కువైంది జ్యోతీ" అన్నారు. పప్పు గురించి కాదు, రాయి గురించి! ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి?

ఇక చెయ్యి పట్టుకోవడం సంగతి. పెళ్లైన కొత్తలో భర్త చెయ్యి పట్టుకోవాలని ఏ ఆడపిల్లకి ఉండదు? నా చెయ్యి వదిలితే కదా! పొద్దున కిటికీ దగ్గర పట్టుకుంటారు. మధ్యాహ్నం వరండాలో పట్టుకుంటారు. సాయంత్రం ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నెకీ కొత్తిమీర కట్టకీ మధ్య నా చెయ్యి పెట్టి, "కదపకు, ఈ లైటులో తళుకు చూస్తున్నా" అంటారు. లాడ్జి సెంటర్లో సిగ్నల్ దగ్గర బండి ఆగితే నా చేతిని ముందుకు లాక్కుని ఎర్ర లైటులో ఒకసారి, పచ్చ లైటులో ఒకసారి చూశారు. వెనక ఆటోవాడు "ఒరేయ్ బాబూ, శోభనం ఇంటికెళ్లి చేసుకోండ్రా!" అని అరిచాడు. నాకు సిగ్గేసింది. మావారికి వినపడలేదు, ఆయన రాయి లైట్ పెర్ఫార్మెన్స్ చూడటంలో ఉన్నారు.

పుట్టింటి వాళ్లు పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని, ఎలా ఉందో చెబుతారని ఎదురుగా నిలబడితే, ఆయన కాసేపు చూసి, "మార్చుకో జ్యోతీ" అన్నారు. "రాయిలోకి పచ్చరంగు కొడుతోంది."

ఎంత శ్రద్ధ చూడండి! మార్చుకున్నాను. తెల్లదీ, బూడిదరంగుదీ తప్ప మిగతావి కట్టడం మానేశాను. ఇస్త్రీ ఖర్చు కూడా కలిసొచ్చింది.

ఈ మచ్చ వల్ల మామయ్యగారికీ మావారికీ మధ్య మాటలు పెరిగాయి. ఇంతకు ముందు ఇద్దరూ "తిన్నావా?", "తిన్నా" అనే రెండు మాటలతో రోజు గడిపేవారు. ఇప్పుడు గంటలు గంటలు చర్చలు!

ఒకరోజు మామయ్యగారు యార్డు నుంచి వస్తూనే, "ఏదీ, ఇటు తీసుకురా అమ్మాయ్. ముప్పై ఏళ్లుగా సరుకు చూస్తున్నా, ఈ రాయి నాకో లెక్కా!" అని ఉంగరం తీసుకున్నారు. తీసుకుని ఏం చేశారో ఊహించగలరా? చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు!

"నాన్నా, అది వజ్రం" అన్నారు మావారు.

"తెలుసులేరా. బాగా ఎండిన కాయ అయితే గలగలమంటుంది. ఇది గమ్మునుంది. లోపల తడుందేమో!"

"దీనికి గింజలుండవు నాన్నా. వెలుగు చూడాలి. ఇదిగో, ఈ లెన్స్ కంటికి ఆనించి చూడు."

మామయ్యగారు లెన్స్ పట్టుకున్నారు, తిప్పారు, తుడిచారు, కంటికి ఆనించారు. ఆ రోజంతా ఆయన తేజా రకం మిరపకాయల బస్తాల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వచ్చారన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. మాకు మిరప ఘాటు గాలిలో భాగం, విడిగా తెలియదు. ఆయన చూసి లెన్స్ అత్తయ్యగారికిచ్చారు. ఆవిడ చూసి, జాకెట్లు కుట్టి తెచ్చిన పక్కింటి జోహరాబీ గారికిచ్చారు. ఆవిడ చూసి మావారికిచ్చారు.

ముందు జోహరాబీ గారే అరిచారు. "అమ్మో, మంట! రాజ్యం వదినా, ఇదేం వజ్రం, కంట్లో కారం కొడుతోంది!"

ఆ తర్వాత అందరూ అందుకున్నారు. నలుగురికీ కళ్లు ఎర్రబడి ధారలు కారుతున్నాయి. నేను చెంబుతో నీళ్లు తెచ్చేలోపు మామయ్యగారు ఆ ఏడుపు కళ్లతోనే ఉంగరం వైపు చూసి, "ఒరేయ్ కోటేషూ! ఇప్పుడు చూడరా! ఏడు రంగులూ విరజిమ్ముతోంది! మచ్చే లేదు! ఫస్టు రకంరా!" అని కేక పెట్టారు.

"అవునండోయ్, జిగేలుమంటోంది!" అన్నారు అత్తయ్యగారు, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

నా ప్రాణం లేచొచ్చింది. కానీ మావారు ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను రుద్దుకుంటూ, "ఇది స్టాండర్డ్ లైటింగ్ కాదు నాన్నా" అన్నారు. ఎంత సిన్సియారిటీ!

అయితే ఒక్క చిక్కు వచ్చింది. మచ్చ రోజురోజుకీ పెరగసాగింది.

అవును, పెరిగింది! మావారొక్కరే చూసినప్పుడు సన్నగా ఉండేది. మామయ్యగారు, అత్తయ్యగారు చేరాక లావెక్కింది. వినుకొండ నుంచి మావారి పిన్నిగారి కుటుంబం జీపులో దిగి, అందరూ ఒకేసారి నా చేతి మీద వంగిన రోజున రాయి సగం నల్లబడింది. "ఇది ముదిరిపోతోంది. ఇక ఆగకూడదు. రేపే ఆదివారం" అన్నారు మావారు. మామయ్యగారు కూడా తల పంకించారు, తాలు కాయలు పడిన బస్తాను చూసినట్టు.

ఆదివారం పొద్దున్నే అందరూ లేవకముందు డాబా ఎక్కాను. ఉంగరాన్ని చివరిసారి నేనొక్కదాన్నే చూసుకుందామని. ఇన్నాళ్లూ ఊరంతా చూశారు, నాకు మాత్రం వరుస రాలేదు.

చెయ్యి చాపి ఆకాశం కింద పట్టుకున్నాను. తళతళా మెరిసింది. మచ్చ ఉండీ లేనట్టు, సన్నటి గీతలా ఉంది. ముద్దొచ్చి దగ్గరికి తీసుకున్నాను. మచ్చ లావెక్కింది! దూరం పెట్టాను. చిక్కిపోయింది. దగ్గరికి తెచ్చాను. వచ్చింది! తల పక్కకి తీశాను. పోయింది!

పాఠకులారా, అప్పుడు తెలిసింది. ఆ నలుపు రాయిది కాదు. వంగి చూసేవాళ్ల తలకాయది! పై నుంచి వచ్చే వెలుతురుకి మనమే అడ్డం నిలబడి, లోపల మన జుట్టు నీడే చూసుకుని, రాయికి జబ్బు చేసిందని ఊరంతా చాటింపు వేశాం. ఎన్ని తలకాయలైతే అంత మచ్చ!

మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తాను. మావారు అప్పటికే తయారై, ఉంగరం డబ్బా జేబులో వేసుకుని, బండి తాళాలు వెతుకుతున్నారు.

"ఏమండీ, ఒక్కసారి చూడండి."

ఆయన అలవాటుగా ముక్కు ఆనేంత వంగారు. "చూశాగా జ్యోతీ, అలాగే ఉంది."

"ఇప్పుడు తలెత్తండి."

"ఎందుకు?"

"ఎత్తండి చెబుతాను."

ఎత్తారు. రాయి గదంతా మెరుపులు చల్లింది. వంగారు, నల్లబడింది. ఎత్తారు, మెరిసింది. కోడిపుంజులా ఒక పదిసార్లు వంగీ లేచీ, నోరు తెరిచి, చివరికి డబ్బా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేశారు. నా ఉంగరం నాకు దక్కింది!

అలా తలెత్తి నిలబడ్డ మనిషి చూపు, ఎదురుగా మరేమీ లేకపోవడం వల్ల, నా ముఖం మీద పడింది. కాసేపు అలాగే చూశారు.

"జ్యోతీ, ఈ ముక్కుపుడక ఎప్పుడు పెట్టుకున్నావు?"

పెళ్లిచూపుల నాటి నుంచీ ఉందది.

కోపం రావాలా, నవ్వు రావాలా? రెండూ రాలేదు. ఎందుకంటే ఆయన చెయ్యి అప్పటికే లెన్స్ కోసం జేబులోకి వెళ్తోంది. "రాయి బాగానే ఉన్నట్టుందే. గుండ్రంగా ఉంది కదూ? అయితే సర్టిఫికెట్‌లో కట్ ఎలా ఉందో రాసే ఉంటుంది. ఎక్కడుంది, ఒకసారి చూసి పడేస్తా."

మా అమ్మమ్మ కట్టించిన ఆ ముక్కుపుడకలోది గుండ్రటి రాయే. నిక్కచ్చిగా గుండ్రం.

"కాదండీ, అదీ ఓవలే" అన్నాను. "కాగితంలో చూస్తే తెలియదు. మీరే దగ్గరగా కూర్చుని, రోజూ కాసేపు చూడాలి."