సర్పంచి గారి కారు బాగుచేయకండి!

ప్రజాస్వామ్యానికి మూలస్తంభం ఏది? పత్రికలా? కోర్టులా? బ్యాలెట్ పెట్టెలా? కాదు! పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ కాని పాత పెట్రోలు కారు!

నవ్వకండి. నమ్మకం లేకపోతే బయ్యన్నను అడగండి. సర్పంచి విష్ణువర్ధన్ గారి తెల్లకారుకు డ్రైవరు అతనే. ఊరి పేరు మాత్రం అడగొద్దు. అనంతపురం జిల్లాలో వాన మొహం మరిచిపోయిన ఊళ్లకు కొదవా? అందులో అదొకటి.

పంచాయతీ ఎన్నికలకు ముందు ఆ కారు ఇంజనుకు టైమింగ్ తప్పింది. అంటే మరేం లేదు, సిలిండర్లో పెట్రోలు నలిగి సిద్ధంగా ఉన్న క్షణానికే ప్లగ్గు నిప్పు అందించాలి. ముందొస్తే ఇంజను ఎదురు తంతుంది. ఆలస్యమైతే తుమ్మి ఊరుకుంటుంది. పంటంతా ఎండి, కట్టె కూడా కోసేశాక మన జిల్లాకు వచ్చే కరువు సాయం లాంటిదన్నమాట.

అప్పటికి అభ్యర్థిగా ఉన్న విష్ణువర్ధన్ దీనికి బాధపడ్డాడా? పొంగిపోయాడు! రోజూ గేటు ముందు ఇంజను గుర్రుమని ఆగిపోయేది. "తోయండప్పా!" అని ఆయన కేకేస్తే వీధి వీధంతా వచ్చేది. ఆయనా కిందికి దిగి, తోసేవాళ్ల భుజాల మీద చేతులేసి కష్టసుఖాలు అడిగేవాడు. ముసలమ్మకు పింఛను రాలేదా? రాయించాడు. వీధి లైటు వెలగలేదా? వెలిగించాడు. బయ్యన్న భార్య తిమ్మమ్మ డిక్కీ మీద చెయ్యి ఆనించి, "బోరింగు పలకలేదన్నా" అంటే, సాయంత్రానికల్లా బోరింగులో కొత్త రాడ్డు!

ఎన్ని జన్మభూములు, ఎన్ని దర్బారులు పెట్టినా ఈ పని జరుగుతుందా? ఏసీ హాలు అక్కర్లేదు, అర్జీ అక్కర్లేదు. ముందు నాయకుడు, వెనక జనం, మధ్యలో చెడిపోయిన ఇంజను. చాలు! ఆయన భారీ మెజారిటీతో గెలిచాడు.

గెలిచాక ఆయన చేపట్టిన మొట్టమొదటి అభివృద్ధి కార్యక్రమం కారు టైమింగ్ పెట్టించడం.

పక్క వీధి మెకానిక్కు కుళ్ళాయప్ప వచ్చాడు. పుల్లీ మీది గుర్తును ఇంజను మీది గుర్తుకు కలిపాడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులు చేసి, చిన్న బల్బు తగిలించి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పుతూ బల్బు వెలిగిన చోట ఆపి బిగించేశాడు. తాళం సగం తిప్పకముందే ఇంజను అందుకుంది. ఘోరం! ఒక్క స్పానర్‌తో ఊరు నోరు మూయించాడు కదా మహానుభావుడు!

ఆ రోజు నుంచి కారు గేటు దాటితే మళ్లీ ఆగింది లేదు. బోరింగు రాడ్డు రెండోసారి విరిగింది. సర్పంచి గారి బోరు గేటు లోపల, వీధివాళ్ల బిందెలు గేటు బయట. ఖాళీ బిందెతో కారు వెనక పరుగెత్తే తిమ్మమ్మ రోజూ అద్దంలో బయ్యన్నకు కనిపించేది. కట్టుకున్న భార్య చెయ్యెత్తి పిలుస్తుంటే బ్రేకు మీద కాలు పెట్టలేని మొగుడి అవస్థ ఎలాంటిదో ఊహించుకోండి. వెనక సీట్లోంచి ఒకటే మాట: "పోనీ బయ్యన్నా, మీటింగుకు టైమైతాంది."

ఇంట్లో తిమ్మమ్మ ఊరుకుంటుందా?

"నీళ్ల టాంకరు ఈ పొద్దు కూడా రాలేదు. బియ్యం దేంతో ఉడకేయల్ల? నీ కారు పెట్రోలుతోనా?"

పిల్లలు సగం గ్లాసు నీళ్లు పంచుకుని తాగుతుంటే చూడలేక బయ్యన్న బయటికి వచ్చేశాడు. పొద్దున బానెట్ ఎత్తి, గుడ్డతో తుడుస్తున్నట్టు నటిస్తూ కుళ్ళాయప్ప బిగించిన బోల్టు వదులు చేశాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా డిస్ట్రిబ్యూటరును ఇంత పక్కకు తిప్పి మళ్లీ బిగించాడు.

సర్పంచి గారు ఎక్కారు. తాళం తిరిగింది. ఇంజను "ఠప్" మని పేలి ఊరుకుంది.

"తోయండప్పా!"

ఎన్నాళ్లకెన్నాళ్లకు! బిందెలు పక్కన పెట్టి వీధంతా పరుగున వచ్చింది. తోసింది, తోసింది. బయ్యన్న క్లచ్చు మీంచి కాలు తీస్తేగా ఇంజను అందుకునేది! కారు మెల్లగా దొర్లి వచ్చి సరిగ్గా బోరింగు పక్కన ఆగింది.

"ఏమప్పా నిలబడిపోయినారు? ఇంకో తోపు తోయండి!"

"తోస్తాం లేన్నా," అంది తిమ్మమ్మ, మసి చేతులు చూపిస్తూ. "తెల్లకారు కదా, ఈ చేతులతో యాడ పట్టుకోవల్ల? కడుక్కోని తోస్తాం. రోంత బోరింగు కొట్టు."

తెల్లబట్టల సర్పంచి గారు దిగి హ్యాండిల్ పట్టుకున్నారు. కొట్టారు, కొట్టారు. చెమట చుక్కలు రాలాయి గానీ నీటి చుక్క రాలలేదు.

"ఇది ఎప్పటి నుంచి ఇట్లుండాది?"

"నీ కారు బాగైనప్పటి నుంచి," అంది తిమ్మమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తోయనూ లేదు. మీటింగు మీటింగు దారినే పోయింది. ఆ సాయంత్రానికి బోరింగులో నీళ్లు పడ్డాయి. మొదటి బిందె తిమ్మమ్మదే. అది నిండుతుంటే బయ్యన్న కళ్లు కూడా నిండాయి.

కాబట్టి మెకానిక్కు మహాశయులారా, మీకో మనవి. రైతు పంపుసెట్టు బాగుచేయండి, ఆటో బాగుచేయండి, స్కూటరు బాగుచేయండి. నాయకుల కార్ల జోలికి మాత్రం పోకండి. వాళ్ల ఇంజను ఆగిన చోటే మన పని మొదలవుతుంది. ఓటేసి ఆపలేని బండిని కనీసం స్పానర్‌తోనైనా ఆపుకోనివ్వండి!

అన్నట్టు, సర్పంచి గారు కుళ్ళాయప్పను మళ్లీ పిలిపించారు. అతను బానెట్ ఎత్తాడు. బోల్టు వైపు చూశాడు. బయ్యన్న వైపు చూశాడు. బయ్యన్న ఆకాశంలో మబ్బు కోసం వెతుకుతున్నాడు. కుళ్ళాయప్ప టైమింగ్ సరిచేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇంక ఆగదు కదప్పా?" అన్నారు సర్పంచి గారు.

"ఈ వీధిలో ఆగదన్నా. మా వీధిలోకి వస్తే మాత్రం చెప్పలేను."

"మీ వీధిలో ఏముండాది?"

"ఏం లేదన్నా. మురుగు మోరీ పొంగుతాండాది."